ఎన్‌స్లేవ్డ్ పీపుల్‌ని తెలుగులో ఏమనాలి?

వచ్చే నెల అమ్మానాన్నలను వర్జీనియాలోని మాంటిచెల్లోకి, అంటే అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఎస్టేట్‌కి, తీసుకెళ్తున్నాను. వాళ్లకి ఇంగ్లీషు రాదు. అందుకని రెండు పేజీలు తెలుగులో రాస్తున్నాను.

అక్కడ బానిసత్వంలో ఉన్నవాళ్లు పనిచేసి, నివసించిన వీధి మల్బరీ రో. దాని గురించి చాలావరకు రాసేశాను. 1794లో మొదలైన మేకుల కార్ఖానాలో 10 నుంచి 16 ఏళ్ల మగపిల్లలు రోజంతా కొలిమి దగ్గర ఇనుప కడ్డీలు కాల్చి, కొట్టి మేకులు చేసేవారు. ఆడపిల్లలు నూలు వడికేవారు. ఇంటింటికీ వారానికోసారి కొలిచిచ్చే మొక్కజొన్న పిండి, కాస్త మాంసం, ఉప్పుచేపలు. జెఫర్సన్ జీవితకాలంలో 600 మందికి పైగా ఆయన బానిసత్వంలో బతికారు.

ఆగిపోయింది ఒక్క మాట దగ్గరే: ఇంగ్లీషులో వాళ్లని పిలిచే 'ఎన్‌స్లేవ్డ్ పీపుల్'. 'బానిసలు' అంటే అదే వాళ్ల పుట్టుక అన్నట్టుంది. 'బానిసలుగా చేయబడినవారు' అని మార్చి అమ్మకి ఫోన్‌లో చదివితే, రెండో వాక్యానికే "ఏంట్రా ఈ చేయబడటం" అంది. 'వెట్టివాళ్లు' అని కూడా రాసి చూశాను. కానీ వెట్టిచాకిరీ వేరు, ఇక్కడ మనుషుల్నే కొని అమ్మారు, పిల్లలతో సహా. ఆ తేడా చెరిపేయడం నాకు తప్పనిపించి కొట్టేశాను.

వాళ్లూ మనుషులే, ఆ స్థితి ఇంకొకరు బలవంతంగా రుద్దింది అని తెలిసేలా, మా అమ్మ తడుముకోకుండా చదవగలిగే తెలుగు మాట ఏది?