బబులోను నుంచి తిరిగొచ్చినవాళ్ల నవల: ఒక చోట ఆగిపోయాను, సాయం చేయండి

బబులోను చెర (యూదుల్ని బందీలుగా బబులోనుకు పట్టుకెళ్లిన కాలం) నుంచి యెరూషలేముకు తిరిగొచ్చిన ఒక యూదు కుటుంబం మీద చిన్న నవల రాస్తున్నాను. క్రీ.పూ. 538, యూదులు తిరిగి వెళ్లొచ్చని పారసీక రాజు కోరెషు (సైరస్) ఇచ్చిన ఆజ్ఞ, ప్రయాణం వరకు బాగానే సాగింది. బైబిల్లోని ఎజ్రా గ్రంథం తిరిగొచ్చిన 42,360 మందిని, చివరికి 6,720 గాడిదల్ని కూడా లెక్కపెట్టింది గానీ మొదటి ఏడాది వాళ్లేం తిన్నారో చెప్పదు!

నా కథలో ముసలమ్మ చిన్నప్పుడు వదిలెళ్లిన నాన్న పొలం వెతుక్కుంటూ వెళ్తే, అక్కడ ఎవరో ఒలీవ కాయలు దులుపుతుంటారు. అక్కడే ఆగిపోయాను. అలాంటి తగువు ఎవరు తీర్చేవాళ్లు? వంశ పెద్దలా, పారసీక అధికారులా? ఇంకో టెన్షన్: యెరూషలేములో కొత్త గుడి పునాది వేసినప్పుడు, బబులోనువాళ్లు కూల్చేసిన పాత గుడిని చూసిన ముసలివాళ్లు ఏడ్చారు కదా, ఈమె కూడా ఏడవాలా, లేక ఊరికే చూస్తూ నిలబడాలా? చదివినవాళ్లు చెప్పండి ప్లీజ్.