హైవే పక్కన లారీలు ఆపుకునే లేబైలో రాళ్ళు పెట్టి జాగా ఆపితే అది వాళ్ళదైపోతుందా?

మిర్చి లోడు
అందరికీ నమస్తే. మొన్న మంగళవారం రాత్రి జరిగింది చెప్తాను. తప్పు నాదైతే నాదే అనండి, ఏమీ అనుకోను.

గుంటూరు యార్డులో టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, ఎక్కించుకుని విశాఖ పోర్టుకి బయలుదేరాను. పన్నెండు టైర్ల బండి. క్లీనర్ లేడు, ఒక్కడినే. రాజమండ్రి దాటేసరికే ఒంటిగంట, కళ్ళు మూతలు పడుతున్నాయి. అన్నవరం ఇంకా కొంచెం ఉందనగా ఒక లేబై తగిలింది. పది పన్నెండు బండ్లు పడతాయి. నిండుగానే ఉంది గానీ మధ్యలో సరిగ్గా ఒక బండికి ఖాళీ. హమ్మయ్య అని ఇండికేటర్ వేసి తిప్పుతుంటే హెడ్‌లైట్ వెలుగులో మూడు రాళ్ళు కనిపించాయి, వాటి మీద చిరిగిన ట్యూబు ముక్క. పక్క బండిలోంచి ఓ కుర్రాడు సెల్లు లైటు వేసుకుని దిగాడు. "అన్నా, మా బండి వెనకాల వస్తంది, ఇక్కడ ఆపొద్దు" అన్నాడు. ఎక్కడుంది అంటే రావులపాలెం దాటిందట! రావులపాలెం అంటే అక్కడికి రెండు గంటల దారి.

రాళ్ళు పక్కకి తోసి పెట్టేశాను. వాడు వాళ్ళ డ్రైవర్ని లేపాడు, మాటా మాటా పెరిగింది, ఇంకో ఇద్దరు దిగారు. నలుగురితో ఒక్కడిని ఏం గొడవపడతాను? మళ్ళీ స్టార్ట్ చేసుకుని బయటపడ్డాను. తుని వైపు వెళ్తుంటే ఎక్కడో కునుకు పట్టింది. ఎడమ టైర్లు మట్టిలోకి దిగిన చప్పుడుకి మెలకువొచ్చింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

ప్రభుత్వం వేసిన లేబై. చక్రం ఆపినవాడిదా, రాయి పెట్టినవాడిదా? ఆ బండి నంబరు ఇక్కడే పెడుతున్నాను: [తొలగించబడింది]

నిర్వాహకుడు
బండి నంబర్లు, ఫోన్ నంబర్లు పెట్టొద్దు. తీసేశాను. చర్చ కానివ్వండి.

డిపో పక్కోడు
ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకోనివాడు ఎవడైనా ఉంటే చెయ్యెత్తండి. ఇదీ అంతే. దీనికి ఇంత రామాయణం దేనికి?

మిర్చి లోడు
కర్చీఫ్ వేసినవాడు ఐదు నిమిషాల్లో తోసుకుంటూ బస్సెక్కుతాడు బాబాయ్. వీళ్ళ బండి రావులపాలెంలో ఉంది. పక్క ఊరి బస్టాండులో ఉన్న బావమరిదికి ఇక్కడ కర్చీఫ్ వేస్తే కండక్టర్ ఊరుకుంటాడా?

రెండు బండ్ల ఓనరు
నేను రాళ్ళు పెట్టే పార్టీయే. మాది నెల్లూరు. ఎందుకు పెడతామో కూడా వినండి.

మూడేళ్ళ క్రితం నా బండి ఒక్కటే రోడ్డు పక్కన ఆగితే, తెల్లారేసరికి ట్యాంకు మూత విరగ్గొట్టి డీజిల్ మొత్తం లాగేశారు. స్టెప్నీ పోయింది. లోడు మీద టార్పాలిన్ పట్టా కట్టిన తాడు కూడా వదల్లేదు. డ్రైవరు లోపలే పడుకున్నాడు, పాపం పద్దెనిమిది గంటలు నడిపి శవంలా పడిపోయాడు. అతని జీతంలో కొయ్యడానికి నాకు చేతులు రాలేదు. అప్పటినుంచి మా రూలు ఒకటే. ఆగితే రెండు బండ్లూ పక్కపక్కనే ఆగాలి. ముందొచ్చినవాడు జాగా ఆపకపోతే అది కుదరదు. తమ్ముడు అలా వెళ్ళిపోవాల్సి రావడం బాధగానే ఉంది. కానీ రాళ్ళు పెట్టినవాడు పొగరుతో పెట్టాడనుకోవద్దు, భయంతో పెట్టాడు.

చౌటుప్పల్ కాక
ఓనర్ సాబ్, నీ డీజిల్ బాధ సమజైంది. గని ఒక్క ముచ్చట చెప్పు. క్లీనర్ లేనోడు ఏం జెయ్యాలె? ఇయ్యాల రేపు సగం బండ్లు సింగిల్ డ్రైవర్ మీదనే నడుస్తున్నయ్. క్లీనర్‌కు బత్తా ఇచ్చుడు దండుగ అని మీ ఓనర్లే తీసేసిండ్రు. దోస్తు బండి ఉన్నోడు రాళ్ళు వెడతడు, ఒక్కడే వచ్చినోడు నిద్రకండ్లతోని ముంగటికి పోతడు. ఎవరికి నిద్ర ఎక్కువ అవసరమో వాడికే జాగ దొరకదు. ఇదేం లెక్క?

మా దిక్కు ఇంకో తమాష. హైదరాబాద్‌ల ఎంట్రీ దొరికేదాక విజయవాడ దిక్కెల్లి వచ్చినోళ్ళందరం ఒక్క తాన్నే కుప్పవడతం. గా టైంల రాళ్ళు వెట్టినోని మీదికి రాళ్ళే లేస్తయ్.

రొయ్యల కంటైనర్
మీకు రాళ్ళుంటేనే కష్టం. మమ్మల్ని రాళ్ళు లేని చోట కూడా ఆపనివ్వరు.

భీమవరం వైపు నుంచి పోర్టుకి ఫ్రీజింగ్ రొయ్యలు తోలతాను. మైనస్ 18 డిగ్రీలు ఉండాలి, చల్లదనం కోసం నడిపే జెన్‌సెట్ (జనరేటరు) ఆపితే సరుకు పోయినట్టే. తెల్లవార్లూ డుగడుగమంటూనే ఉంటుంది. పక్కన పడుకున్నవాడికి నరకమే, ఒప్పుకుంటాను. అందుకే ఆగిన వెంటనే దిగి, రెండు వైపులా బండ్లవాళ్ళని అడిగి, లేబై చివరి జాగాలో పెట్టుకుంటాను. చివర ఖాళీ లేకపోతే ఆగను. ఇది ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు, తిట్లు తినీ తినీ నేర్చుకున్నాను.

మిర్చి అన్నా, అడుగుతున్నానని కోప్పడొద్దు. టిక్కీల బండి పెట్టేటప్పుడు గాలి ఎటు వీస్తుందో చూశావా? మిర్చి లోడుకి ఎదురుగాలిలో ఒకసారి పడుకున్నాను. పొద్దున్న లేచి ముఖం కడుక్కుంటే ఏడ్చినవాడిలా ఉన్నాను. ఆ కుర్రాడు నిన్ను ఆపొద్దన్నది రాళ్ళ కోసమేనా, ఘాటు కోసమా?

మిర్చి లోడు
హహ. గాలి సంగతి చూడలేదు తమ్ముడూ, నిద్రలో ఉన్నాను. ఆ మాట ఒప్పుకుంటా. పట్టా మాత్రం గట్టిగానే కట్టి ఉంది.

డొంక రోడ్డు రైతు
లారీలోళ్ళందరూ మీలో మీరు తెగ కొట్టుకుంటున్నారు గానీ, పక్కనున్న ఊరి సంగతి ఒక్కరికీ పట్టదే. మా చేలోంచి వచ్చే డొంక సరిగ్గా లేబై మొదట్లో కలుస్తుంది. పొద్దున్నే ట్రాక్టరు తీసుకొస్తే అడ్డంగా ట్రైలర్. హారన్ కొడితే లేవడు, తలుపు తడితే "పది నిమిషాలు" అంటాడు. ఇంక ఆ రాళ్ళు! టైరు కింద పెట్టుకున్నవీ, జాగా కోసం పెట్టినవీ అక్కడే వదిలేసి పోతారు. పోయిన నెల మా పక్కింటాయన టీవీఎస్ మీద వస్తూ చీకట్లో ఒకదాన్ని ఎక్కించి పడ్డాడు, మణికట్టు విరిగింది.

రొయ్యల కంటైనర్
అయ్యా, మీరన్నది నిజమే, రాళ్ళు తీసి వెళ్ళాలి. కానీ కోతలప్పుడు ఆ లేబై మీదే, సర్వీసు రోడ్డు మీదే వడ్లు ఆరబోసి చుట్టూ బండరాళ్ళు పేర్చేది ఎవరు? రాత్రిపూట ఆ రాళ్ళకి ఒక రేడియం ముక్క కూడా ఉండదు.

డొంక రోడ్డు రైతు
వాన మబ్బు పట్టాక ధాన్యం ఎక్కడ ఆరబెట్టమంటావు? కళ్ళాలన్నీ ఇళ్ళ స్థలాలైపోయాయి. నీకు నిద్ర ఎంతో నాకు తేమ శాతం అంత. సర్లే, రాళ్ళ విషయంలో ఇద్దరం దొంగలమే.

సెక్షన్ల సూరి
చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెప్తాను, తిట్టుకోవడం తర్వాత కానిద్దురు.

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 122: ఇతరులకి ప్రమాదం, అడ్డంకి కలిగేలా బండి వదలకూడదు. రైతుగారి డొంకకి అడ్డం పెట్టినవాడు దీని కిందకే వస్తాడు. 126: లైసెన్సున్నవాడు డ్రైవర్ సీట్లో లేకుండా బండి ఆగి ఉందంటే ఇంజన్ ఆపి, బ్రేకు వేసి ఉండాలి. ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో పెట్టి వెనక బెర్తు మీద పడుకునేవాళ్ళు ఇది ఒకసారి చదువుకోండి. ఇక రాయి. రాయి పెట్టిన జాగా మీద ఎవరికీ ఏ హక్కూ రాదు. పైగా దారిలో అడ్డంకి పెడితే భారతీయ న్యాయ సంహిత 285 కింద ఐదు వేల దాకా జరిమానా వెయ్యొచ్చు. అలాంటి రాయి కనిపిస్తే హైవేవాళ్ళ నంబరు 1033కి చెప్పండి.

ఒక్కటి మాత్రం నాకూ మండుతుంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఐదు గంటలు నడిపాక అరగంట విశ్రాంతి ఇవ్వాలంది, మామూలుగా రోజుకి ఎనిమిది గంటలే పని అంది. ఓనరుగారి డ్రైవరు నడిపింది పద్దెనిమిది.

రెండు బండ్ల ఓనరు
సూరిగారూ, ఆ పద్దెనిమిది గంటలు నేను నడపమనలేదు. సరుకుతో పాటు ఉండాల్సిన ఈ-వే బిల్లు చూడండి, 200 కిలోమీటర్లకి ఒక రోజే గడువు. లోడింగులో ఒక రోజు మింగేస్తే ఆ రోజు రోడ్డు మీదే రాబట్టుకోవాలి. బండి ఆగినందుకు హాల్టింగ్ డబ్బులు అడిగితే సరుకు పార్టీ ఫోనెత్తడు.

చౌటుప్పల్ కాక
నువ్వు అనలే, నీ బిల్లు అన్నది. గంతే గద సాబ్.

లారీ డ్రైవర్ ఇల్లాలు
ఇక్కడ ఆడవాళ్ళు రాయొచ్చో లేదో తెలీదు, అయినా రాస్తున్నా. మా ఆయన ఆగిన ప్రతిచోటా నాకు వీడియో కాల్ చేస్తారు. నేను మొదట చూసేది ఆయన మొహం కాదు, వెనకాల ఇంకో బండి ఉందా లేదా అని. ఒంటరిగా ఆగి ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర ఉండదు. బంకుల దగ్గర అప్నా ఘర్ అని మంచాలు వేశారు, బాగున్నాయంట కూడా. కానీ సరుకు వదిలి లోపలికెళ్ళి పడుకోవడానికి ఆయన మనసొప్పదు. బండి కంటికి కనపడుతుండాలి. అందుకని స్నేహితుడి బండికి జాగా ఆపడం తప్పనలేను. అలాగని మిర్చి అన్నయ్యని పంపించేసిన నలుగురిలో ఒక్కరైనా "రెండు గంటలు పడుకో, మా బండి వచ్చాక లేపుతాం" అని ఉండొచ్చు కదా? ఆ ఖాళీ ఎలాగూ రెండు గంటలు ఖాళీగానే ఉంటుందిగా.

మిర్చి లోడు
అమ్మా, ఈ మాట ఆ రాత్రి నాకైనా తట్టలేదు.

ఫ్రెస్నో బాబాయ్
కాలిఫోర్నియాలో ట్రక్కు నడుపుతాను, మాది గుడివాడ. ఇక్కడ పదకొండు గంటలు నడిపితే పది గంటలు ఆపాల్సిందే. ఇంజన్‌కి కట్టిన యంత్రమే లెక్క రాస్తుంది, బుకాయించడానికి లేదు. ఆపాలని చట్టం చెప్తుంది, రాత్రి ఎనిమిదయ్యేసరికి ఎక్కడా ఖాళీ ఉండదు. కొన్ని ట్రక్ స్టాపుల్లో డబ్బు కట్టి ముందే జాగా బుక్ చేసుకోవచ్చు. దాని మీద ఇక్కడ మీకంటే పెద్ద గొడవ. మీ రాయి ఉచితం, మా రాయికి డాలర్లు.

పాత ఐదో నంబరు
ఇరవై ఎనిమిదేళ్ళు నడిపి దిగాను. ఈ రోడ్డు ఐదో నంబరు హైవేగా, రెండే వరసలుగా ఉన్నప్పటి మాట చెప్తాను. మేమేదో దేవుళ్ళమని కాదు, మేమూ కొట్టుకున్నాం. డాబా ముందు చింతచెట్ల కింద ఆపేవాళ్ళం. కొత్తగా వచ్చినవాడిని ఒకటే అడిగేవాళ్ళు: "ఎన్నింటికి లేస్తావు?"

ముందు లేచేవాడు రోడ్డు వైపు, ఆలస్యంగా లేచేవాడు లోపలికి. మా గురువు జేబులో సుద్దముక్క ఉండేది. బండి ఆపగానే వెనక తలుపు మీద పెద్దగా "4" అని రాసేవాడు. తర్వాత వచ్చినవాడు ఆ అంకె చూసి, తనది ఐదైతే వెనక్కి పెట్టుకునేవాడు, మూడైతే అడ్డం రాకుండా పక్కన పెట్టుకునేవాడు. ఎవరినీ లేపే పని లేదు. ఒకవేళ లేపాల్సొస్తే హారన్ కొట్టేవాళ్ళం కాదు. జాకీ రాడ్డుతో ముందు టైరు మీద రెండు దెబ్బలు. ఆ బండిలోవాడే లేస్తాడు, మిగతావాళ్ళు పడుకునే ఉంటారు.

ఇప్పుడు లేబైలో బండ్లు వరసగా ఒకదాని వెనక ఒకటి ఆపుతున్నారు, ఎవడు ఎప్పుడు కదులుతాడో ఎవడికీ తెలీదు. ఇప్పుడు కొత్తగా తయారయ్యే పెద్ద లారీలన్నిటికీ క్యాబిన్‌లో ఏసీ ఉండాలట. మంచిదే, మేం గోనెపట్టా తడిపి కట్టుకున్నాం. కానీ అద్దాలు బిగించి పడుకున్నవాడికి నా రాడ్డు దెబ్బ వినపడుతుందా?

డిపో పక్కోడు
సుద్దముక్క సంగతి బాగుంది పెద్దాయనా. కర్చీఫ్ మాట వెనక్కి తీసుకుంటున్నా.

మిర్చి లోడు
శనివారం మళ్ళీ అదే లోడు పడింది. అదే లేబై. ఈసారి పదకొండింటికే చేరాను, నాలుగే బండ్లున్నాయి. ఆ మూడు రాళ్ళూ అక్కడే ఉన్నాయి! ఒకటి దొర్లి తెల్లగీత మీదకి వచ్చింది. మూడూ మోసుకెళ్ళి డొంక అవతల గట్టు మీద పడేశాను. గాలి చూసుకుని చివర పెట్టాను.

కాసేపటికి ఒక ఒడిశా ట్రైలర్ వచ్చి నా వెనక ఆగింది. ఎన్నింటికి లేస్తావు అని తెలుగులో అడిగా, వచ్చీరాని హిందీలో అడిగా, అర్థం కాలేదు. నాలుగు వేళ్ళు చూపించి దండం పెట్టాను. అతను మూడు చూపించాడు. సరే అని నేనే బండి తీసి అతని వెనక్కి పెట్టుకున్నా. మూడింటికి ఎప్పుడు వెళ్ళాడో కూడా తెలీదు.

రెండు బండ్ల ఓనరు
రాళ్ళు పారేశావు సరే తమ్ముడూ. మరి నా రెండో బండి వస్తుంటే?

మిర్చి లోడు
క్లీనర్ని నిలబెట్టండి అన్నా. రాయిని తోస్తాను గానీ మనిషిని తోయను.

రెండు బండ్ల ఓనరు
ఎంతసేపు?

మిర్చి లోడు
పావుగంట.

రెండు బండ్ల ఓనరు
అరగంట. టోల్‌గేటు దగ్గరే పది నిమిషాలు పోతుంది.

మిర్చి లోడు
ఇరవై నిమిషాలు. ఇంక బేరం లేదు.

చౌటుప్పల్ కాక
క్లీనర్‌ను పెట్టుకుంటనని ఒప్పుకున్నవ్ గద ఓనర్ సాబ్, స్క్రీన్‌షాట్ తీసిన.