సెంటర్‌లో మాట వింటాడు, ఇంట్లో వినడు: ఎందుకండీ?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. బాబుకి ఆరేళ్లు, ఆటిజం. ఇలాంటి పిల్లలకి నేర్పే సెంటర్‌లో టీచర్ "చెప్పులు అరలో పెట్టు" అంటే పెడతాడట. ఇంట్లో పదిసార్లు చెప్పినా కదలడు. నిన్న "చెప్పులు తీస్తావా?" అంటే "తీస్తావా" అని నా మాటే తిరిగి అన్నాడు. మొండితనం అంటారు మా అత్తగారు. నాకు మనసు ఒప్పట్లేదు.

జవాబు 1: మొండితనం కాదమ్మా. పన్నెండేళ్లుగా ఇలాంటి పిల్లలకే చదువు చెబుతున్నాను. మాట తిరిగి అనడాన్ని ఎకోలాలియా అంటారు, వెక్కిరింపు కాదు. సెంటర్‌లో అర ఎప్పుడూ అదే చోట, చెప్పే మాట కూడా అదే. ప్రశ్నలా అడక్కండి. "చెప్పులు అరలో" అని ఒక్కసారి చెప్పి, మనసులో పది లెక్కపెట్టండి. చాలామందికి విన్నది అర్థం చేసుకోవడానికి ఆ వ్యవధి కావాలి. మధ్యలో మళ్లీ చెబితే పాపం మొదటికొస్తాడు.

జవాబు 2: మా పాపకి గుమ్మం పక్కన చెప్పుల ఫోటో, దాని కింద ఉయ్యాల ఫోటో అంటించాం. ముందు ఇది, తర్వాత అది. బోరు మోటారు మోగుతుంటే మాత్రం ఏం చెప్పినా చెవులు మూసుకుంటుంది. అది ఆగాకే చెబుతాం.

అడిగినవారు: ఇవాళ మోటారు ఆపి చెప్పానండీ. ఎనిమిది దగ్గర వంగాడు! ఒక చెప్పు అరలో పెట్టాడు. రెండోది చేతిలో పట్టుకునే నిద్రపోయాడు.