ముగింపు తెలిసినా చూడాలనిపించేదే తెలివైన సిరీసా?

కృష్ణాతీరం:

ఈ చర్చావేదికలో ఏ సిరీస్ గురించి మాట మొదలైనా ముందుగా వచ్చే విన్నపం ‘ముగింపు మాత్రం చెప్పకండి’ అన్నదే. ముగింపు తెలియగానే చూడవలసిన అవసరం తీరిపోయే సిరీస్‌ను తెలివైనదని ఎందుకు మెచ్చుకుంటున్నామో నాకు అర్థం కావడం లేదు. తనకు తెలిసిన విషయాన్ని ప్రేక్షకుడికి చెప్పకుండా తొక్కిపెట్టడానికి రచయితకు ఓపిక ఉంటే చాలు, తెలివి అక్కర్లేదు.

నా వాదనకు ఆధారం ‘కొలంబో’. రిచర్డ్ లెవిన్సన్, విలియం లింక్ సృష్టించిన ఈ అమెరికన్ సిరీస్ 1971 నుంచి 1978 వరకు ఎన్‌బీసీలోనూ, 1989 నుంచి 2003 వరకు ఏబీసీలోనూ వచ్చింది. దాదాపు ప్రతి ఎపిసోడ్‌లోనూ హత్య ఎవరు చేశారో, ఎలా చేశారో మొదట్లోనే కళ్లారా చూస్తాం. నలిగిన కోటుతో తిరిగే డిటెక్టివ్ కొలంబో (నటుడు పీటర్ ఫాక్) ఆ తర్వాతగాని రాడు. 1973 నాటి ఒక ఎపిసోడ్‌లో వైన్ తయారీయే ప్రాణంగా బతికే ఒక పెద్దమనిషి, ద్రాక్షతోటను అమ్మేయబోతున్న సవతి తమ్ముణ్ణి కొట్టి, సీసాలు నిల్వచేసే గదిలో కట్టి పడేసి, ఏసీ ఆపేసి న్యూయార్క్ వెళ్లిపోతాడు. అతను ఊళ్లో లేని రోజుల్లోనే ఎండలు మండిపోతాయి, గదిలోని వైన్ అంతా పాడైపోతుంది, ఆ సంగతి అతనికే తెలియదు. కొలంబో ఆ గదిలోంచే ఒక సీసా కాజేసి హోటల్లో అతని గ్లాసులోనే పోయిస్తాడు. ఒక్క గుక్క తాగగానే, ఇది వేడికి చెడిపోయిందంటూ ఆ నిపుణుడు హోటలు వాళ్లపై మండిపడతాడు. తన గదిలో ఏసీ ఆగిపోయిందని అలా తానే నిరూపించినట్లవుతుంది. మామూలు నాలుక ఉన్నవాడైతే ఆ తేడా కనిపెట్టలేక బయటపడేవాడు. ఇతణ్ణి పట్టించింది అతని నైపుణ్యమే. హంతకుడెవరో మొదటి నిమిషాల్లోనే తెలిసిన మనకు ఇందులో కోల్పోయినదేమీ లేదు, పైగా అతను ఆ గ్లాసు ఎత్తినప్పుడు మన గుండె ఆగుతుంది.

రాత్రిపాళీ:

కృష్ణాతీరం గారూ, ఉదాహరణ బాగుంది గాని దానినుంచి మీరు తీసిన సూత్రం నిలవదు. దాచడంలో రెండు రకాలున్నాయి. పాత్రలన్నింటికీ తెలిసిన విషయాన్ని కెమెరా కోణం మార్చి ప్రేక్షకుడికి మాత్రం తెలియకుండా చేయడం మోసం, దాన్ని మీతోపాటు నేనూ తప్పుబడతాను. పాత్రకే తెలియని విషయం పాత్రతోపాటు మనకూ తెలియకపోవడం మోసం కాదు.

జర్మన్ సిరీస్ ‘డార్క్’ 2017 నుంచి 2020 వరకు 26 ఎపిసోడ్లుగా వచ్చింది. విండెన్ అనే ఊరు, పక్కనే అణు విద్యుత్ కేంద్రం, 33 ఏళ్లకొకసారి తిరిగివచ్చే కాలచక్రం ఉన్న కథ కాబట్టి, కాగితం మీద వంశవృక్షం గీసుకుంటూ చూసేవాళ్ల సిరీస్ అని దానికి పేరు పడింది. అయితే దాని అతిపెద్ద రహస్యాన్ని మొదటి సీజన్ సగంలోనే చెప్పేస్తారన్న సంగతిని ఎవరూ పట్టించుకోరు. 2019లో తప్పిపోయిన పిల్లవాడు 1986లో తేలి, అక్కడే పెరిగి పెద్దవాడై, కథానాయకుడు యోనాస్‌కు తండ్రి అవుతాడు. ఆ పిల్లవాణ్ణి వెనక్కి తెస్తే తన పుట్టుకే ఉండదని యోనాస్‌కు ఆ తర్వాత అర్థమవుతుంది. అక్కడినుంచి ప్రశ్న ‘ఏం జరిగింది’ అన్నది కాదు, ‘తెలిసిన తర్వాత వీడేం చేస్తాడు’ అన్నది. మీరు కొలంబోలో మెచ్చుకున్న గుణం ఇదే కదా.

చదువరి:

మీరిద్దరూ కథ ఏ వరసలో చెప్పాలన్న దగ్గరే ఆగిపోయారు. రచయితకు తాను రాస్తున్న లోకం ఎంత లోతుగా తెలుసు అన్నది నా దృష్టిలో అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న.

బాల్టిమోర్ నగరంలో పోలీసులు, మత్తుమందుల ముఠాల కథ చెప్పే అమెరికన్ సిరీస్ ‘ద వైర్’ సంగతి తీసుకోండి. 2002 నుంచి 2008 వరకు హెచ్‌బీవోలో అయిదు సీజన్లు, 60 ఎపిసోడ్లుగా వచ్చింది. అమెరికా టీవీ పురస్కారమైన ఎమ్మీ ఒక్కటీ రాలేదు. దీన్ని సృష్టించిన డేవిడ్ సైమన్ బాల్టిమోర్ పత్రికలో నేరవార్తలు రాసినవాడు, ఆయనతో కలిసి రాసిన ఎడ్ బర్న్స్ అదే నగరంలో హత్యకేసుల డిటెక్టివ్‌గా పనిచేసి తర్వాత బడిపంతులైనవాడు. మొదటి సీజన్‌లో మత్తుమందుల ముఠా పేజర్లకు (నంబర్లు అందుకునే చిన్న జేబు పరికరాలకు) పంపే ఫోన్ నంబర్లు సంకేతంలో ఉంటాయి: ఫోన్ మీటల్లో 5ను దాటి అవతల ఉన్న అంకె తీసుకోవాలి, అంటే 1కి 9, 2కి 8; ఇక 5, 0 ఒకదానికొకటి మారతాయి. చదువు సరిగా రాని కుర్రాళ్లు కూడా పాటించగలిగే సంకేతం కాబట్టే అది నమ్మదగ్గదిగా ఉంటుంది. దాన్ని ఛేదించాక కూడా పోలీసుల పని సులువు కాదు. ఫోన్ సంభాషణలు వినడానికి అనుమతి కావాలంటే మామూలు పద్ధతులన్నీ విఫలమయ్యాయని న్యాయమూర్తికి చూపాలి, కేసుతో సంబంధం లేని సంభాషణ వినకూడదు, వీధిలోని ఫోన్ దగ్గర నిలబడ్డది ఎవరో మేడల మీదినుంచి కంటితో చూసి రాసుకోవాలి. వీటిలో ఏదీ ఒక పాత్ర మరో పాత్రకు పాఠంలా చెప్పదు. పని జరుగుతుండగా మనమే నేర్చుకుంటాం.

ఆ సంకేతాన్ని ఛేదించిన ప్రెజ్ అనే పోలీసు, మూడో సీజన్‌లో పొరపాటున సాటి పోలీసునే కాల్చి ఉద్యోగం వదులుకుని, నాలుగో సీజన్‌లో లెక్కల మాస్టారుగా వస్తాడు. పాచికలాటతో పిల్లలకు సంభావ్యత నేర్పుతుంటే, అది పక్కనపెట్టి రాష్ట్ర పరీక్షకు పిల్లల్ని తోమమని పైనుంచి ఆదేశం వస్తుంది. దోపిడీలను చిల్లర దొంగతనాలుగా రాసి నేరాల లెక్కలు తగ్గించి, పై అధికారులు పదోన్నతులు పొందే పద్ధతిని స్టేషన్‌లో చూసినవాడు కాబట్టి, ఉపాధ్యాయుల సమావేశంలో కూర్చోగానే ఇది అదేనని గుర్తుపడతాడు. మూడు సీజన్ల పాటు పోలీసు శాఖను చూసిన ప్రేక్షకుడికి ఆ ఒక్క పోలికతో బడి మొత్తం అర్థమైపోతుంది. రెండున్నర గంటల సినిమాకు సాధ్యం కాని పని ఇది. నిడివిని ఇలా వాడుకోగలిగితేనే సిరీస్‌ను సిరీస్‌గా తీయడానికి అర్థం ఉంటుంది. లేకపోతే అది సాగదీసిన సినిమా.

నిడదవోలు:

పెద్దలందరూ అమెరికా, జర్మనీ తిరుగుతున్నారు గాని, ఇలాంటి చర్చల్లో మన టీవీ సీరియళ్లను ఎగతాళి చేయడం రివాజు కాబట్టి ముందుగానే ఒక మాట చెబుతాను. వారానికి అయిదారు రోజులు వచ్చే సీరియల్‌ను కూర్చుని కళ్లు తిప్పకుండా చూసేవాళ్ల కోసం తీయరు. కూర తరుగుతూ, పిల్లల చేత హోంవర్క్ చేయిస్తూ చెవితో వినేవాళ్ల కోసం తీస్తారు. అందుకే ఒకే సమాచారం మూడుసార్లు వస్తుంది, అందుకే ఒక్కొక్కరి ముఖం మీదికీ కెమెరా వెళ్లినప్పుడు చప్పుడు వినిపిస్తుంది, వంటింట్లో ఉన్నవాళ్లకు ఏదో జరిగిందని తెలియాలి కదా. వారం వారం వచ్చే రేటింగును బట్టి కథను పొడిగించడం, మలుపు తిప్పడం జరుగుతుంది గనుక, చదువరి గారు చెప్పినట్లు మూడు సీజన్ల ముందు నాటిన విత్తనం అక్కడ మొలవదు. రాసేవాళ్లకు తెలివి లేదనడం అన్యాయం. వాళ్ల తెలివంతా రేపటి ఎపిసోడ్ షూటింగుకు అందించడంలో ఖర్చయిపోతుంది.

వారానికి ఒక్కసారే వచ్చినప్పుడు మనవాళ్లు ఏం చేయగలరో ‘అమృతం’ చూపించింది. గుణ్ణం గంగరాజు రూపొందించిన ఆ సీరియల్ 2001లో జెమినీలో మొదలైంది. ఆంజనేయులు ఒక పథకం చెబుతాడు, అమృతరావు నమ్ముతాడు, అది బెడిసికొడుతుందని మనకు మొదటి నిమిషంలోనే తెలుసు. ఇంటి ఓనరు అప్పాజీ ఎప్పుడు ఊడిపడతాడో కూడా ఊహించగలం. అయినా యూట్యూబ్‌లో జనం దాన్ని ఇప్పటికీ మళ్లీ మళ్లీ చూస్తున్నారంటే, ముగింపు గురించి కృష్ణాతీరం గారు చెప్పినదానికి ఇంతకంటే సాక్ష్యం నాకు తోచడం లేదు.

కృష్ణాతీరం:

నిడదవోలు గారికి నమస్కారం. ‘అమృతం’లో నేను గమనించినది ఇంకొకటుంది: వాళ్ల పథకం దురదృష్టం వల్ల చెడదు, ఆశపోతుతనం వల్ల, ఒకరినొకరు కాదనలేకపోవడం వల్ల చెడుతుంది. వైన్ యజమాని పట్టుబడ్డదీ తన స్వభావం వల్లనే.

చదువరి గారి కొలమానంతో మాత్రం నాకు పేచీ ఉంది. లోకం లోతుగా తెలిసి ఉండటమే తెలివైతే, ‘కొలంబో’ ఒక్కరోజు నిలవదు. ఒంటరిగా తిరుగుతూ, సాక్ష్యాలను జేబులో వేసుకుపోయే పోలీసు ఏ నగరంలోనూ ఉండడు.

రాత్రిపాళీ:

అదే కొలమానంతో ‘ద వైర్’ అయిదో సీజన్‌ను కొలవండి. సైమన్‌కు అన్నింటికంటే బాగా తెలిసిన లోకం పత్రిక, ఆయన అక్కడ 1995 వరకు పనిచేశాడు. అదే ఆ సిరీస్‌లో అన్నింటికంటే పలుచగా వచ్చిన భాగం. మత్తుమందులు అమ్మే కుర్రాడికి సైతం నాలుగు ముఖాలు ఇచ్చిన రచయిత, కట్టుకథలు రాసే విలేకరి టెంపుల్‌టన్‌కు, అతణ్ణి వెనకేసుకొచ్చే సంపాదకులకు ఒక్కొక్క ముఖమే ఇచ్చాడు. నిధులు రాబట్టడానికి పోలీసు మెక్‌నల్టీ లేని హంతకుణ్ణి సృష్టించడం కూడా అంతవరకు మనం నమ్మిన నగరంలో ఇమడదు. బాగా తెలియడం ఒక్కోసారి కోపంగా మారుతుంది, కోపంతో రాసినప్పుడు ఎదుటివాడి వాదన వినపడదు.

చదువరి:

టెంపుల్‌టన్ విషయంలో మీతో వాదించను. అయితే పత్రిక భాగాన్ని అతని చుట్టూ చూడటం వల్ల అసలు రాత కనిపించకుండా పోతోంది. అయిదు సీజన్లుగా ముఠాలను దోచుకుంటూ నగరాన్ని వణికించిన ఓమర్‌ను ఒక చిన్న పిల్లవాడు కాల్చి చంపుతాడు. ఆ వార్త పత్రిక కార్యాలయానికి మూడు ముక్కల్లో చేరుతుంది: నల్లజాతీయుడు, 34 ఏళ్లు, తుపాకీకాల్పుల్లో మృతి. స్థలం చాలక దాన్ని పక్కనపెట్టి ఒక అగ్నిప్రమాదం వార్త వేస్తారు. ఆ నిర్ణయం తీసుకున్నది అబద్ధాలకోరు కాదు, ఆ కార్యాలయంలో అందరికంటే నిజాయితీగల సంపాదకుడు గస్. ఆ చనిపోయినవాడెవరో అక్కడ ఎవరికీ తెలియదు, మనకు తెలుసు. రహస్యాన్ని ప్రేక్షకుడి దగ్గర దాచడం కాక, ప్రేక్షకుడికి తెలిసినది నగరానికే తెలియకుండా పోవడం చూపించారు. కోపంతో రాసిన సీజన్ అని మీరన్నారు. ఈ దృశ్యంలో కోపం ఎవరి మీదో చెప్పండి.