పాత మినీ బస్సు కారవాన్ అమ్మాలి, రేటు ఎలా చెప్పాలి?

గోదావరి బండి: మాది 1991 మోడల్ స్వరాజ్ మజ్దా మినీ బస్సు, కాకినాడలో ఉంది. సీట్లు తీయించి మడత మంచాలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు, పైన సోలార్ ప్యానెల్ పెట్టించాను. అరకు, లంబసింగి ఘాట్లు బాగానే ఎక్కింది. ఇప్పుడు మా ఆవిడ మోకాళ్లు ఆ మెట్లకి సహకరించడం లేదు. పాత ఇనుము కొట్టాయన తూకానికి అడిగాడు. ఒళ్లు మండిపోయింది.

ఆర్సీ రాజు: గురువుగారూ, మార్పులు ఆర్సీలో ఎక్కాయా? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఎక్కాలి. ఇంకా సీట్ల బస్సనే ఉంటే కొనేవాడు వెనకాడతాడు.

గోదావరి బండి: ఎక్కించానండీ, చెప్పులు అరిగాయి. ఇన్సూరెన్స్ కూడా ఉంది. బెంగళూరు కుర్రాడొకడు అడుగుతున్నాడు.

మన్యం డ్రైవర్: బాబాయ్, వేరే రాష్ట్రమైతే ఫారం 28తో ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం తీసుకోవాలి. బండి పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 పూర్తిగా నింపాకే సంతకం పెట్టండి, ఖాళీవాటి మీద వద్దు. పేరు మారేదాకా వెంటపడండి. ఈలోపు యాక్సిడెంటైతే నష్టపరిహారం కేసు ఆర్సీలో పేరున్న మీ మెడకే చుట్టుకుంటుంది. రేటంటారా, మెకానిక్ షెడ్డు గుంత మీద ఎక్కించి ఛాసిస్ అడుగు భాగం ఫొటోలు తీయండి. తుప్పు లేకపోతే మంచాల కంటే దానికే ఎక్కువ ఇస్తారు.