మోకాళ్ళ నొప్పుల కోసం పొట్ట ఆపరేషన్ చేయించుకోవచ్చా?

గోదారి టీచర్

నా వయసు 48. రాజమండ్రిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 89 కిలోలు. ఎత్తుకు బరువు ఎంత ఉందో చూసే లెక్క, బీఎంఐ, 37 అన్నారు. రెండు మోకాళ్ళలోనూ గుజ్జు అరిగింది. కుడి మోకాలు ఎక్స్‌రేలో మూడో గ్రేడు, నాలుగైతే పూర్తిగా అరిగినట్టట.

మా ఎనిమిదో తరగతి రెండో అంతస్తులో ఉంటుంది. రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి ఎక్కుతాను. దిగేటప్పుడు పక్కకు తిరిగి దిగాలి. బెల్లు కొట్టాక పిల్లలు నా వెనకే ఆగిపోతారు, ఒక్కరూ తోసుకుని ముందుకు పోరు. వాళ్ళు అలా నిశ్శబ్దంగా నిలబడితే నాకు ఏడుపొస్తుంది.

ఎముకల డాక్టరు గారు "మోకాలు మార్చడానికి మీది చిన్న వయసు, ముందు బరువు తగ్గించుకుని రండి" అన్నారు. వాకింగ్ మొదలుపెడితే మూడో వారానికి మోకాలు వాచి కూర్చుంది. డైటీషియన్ చెప్పినట్టు తిని రెండుసార్లు ఆరేసి కిలోలు తగ్గాను, రెండుసార్లూ మళ్ళీ పెరిగాను. పోయిన నెల వేరే డాక్టరు గారు బరువు తగ్గడానికి కడుపుకు చేసే స్లీవ్ ఆపరేషన్ గురించి ఆలోచించమన్నారు. ఇంట్లో చెబితే మా వారు "మోకాలు నొప్పి అయితే కడుపు కోయించుకుంటావా?" అన్నారు. ఆయన మాటలో న్యాయం లేదని అనలేను. కానీ రోజుకో నొప్పి మాత్ర మింగుతూ ఇంకో పదేళ్ళు ఎలా గడపాలో కూడా తెలియడం లేదు. చేయించుకున్నవాళ్ళు, వద్దనుకున్నవాళ్ళు, ఎవరైనా ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

పొద్దుటి నడక

అమ్మా, వద్దని చెప్పేవాణ్ణి నేనే అనుకోండి. స్లీవ్ అంటే జీర్ణాశయంలో ముప్పావు వంతుకు పైగా కోసి తీసేస్తారు. తీసింది మళ్ళీ పెట్టలేరు. మా మరదలు 2017లో చేయించుకుంది. 30 కిలోలు తగ్గి, ఐదేళ్ళలో అందులో సగం మళ్ళీ పెరిగింది. అన్నం పట్టదు కానీ ఐస్‌క్రీమ్, కూల్‌డ్రింకు హాయిగా జారిపోతాయి కదా.

తిండి, నడక లాంటి వ్యాయామం కలిపి పట్టుగా చేస్తే ఫలితం ఉంటుంది. మోకాళ్ళు అరిగిన 454 మందితో అమెరికాలో చేసిన అధ్యయనం ఒకటి 2013లో వచ్చింది. రెండూ చేసినవాళ్ళు 18 నెలల్లో సగటున పది కిలోలకు పైగా తగ్గారు, నొప్పి కూడా తగ్గింది. కత్తి దాకా వెళ్ళకముందు అది చేయాలి. మీరు రెండుసార్లు ఆరు కిలోలు తగ్గారంటే మీకు చేతనవుతుందనే కదా అర్థం.

స్లీవ్ 2021

పై అన్నగారికి నమస్కారం. టీచర్ గారు రెండుసార్లు తగ్గి రెండుసార్లు పెరిగానని రాశారు. నాకు అలా నాలుగుసార్లు అయింది. అది పట్టుదల లేక కాదండీ. బరువు తగ్గేకొద్దీ ఒంట్లో ఆకలి పెరుగుతుంది, ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది. ఇది తెలిసే వరకు నన్ను నేనే తిట్టుకున్నాను.

2021లో స్లీవ్ చేయించుకున్నాను. అప్పుడు 108 కిలోలు. ఏడాదిన్నరకు 76కి వచ్చాను, ఇప్పుడు 81. కాస్త పెరిగాను, దాచను. బరువులో కిలో తగ్గితే అడుగేసినప్పుడు మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని డాక్టర్లు అంటారు. నాకు మూడో నెలలోనే ఆ తేడా తెలిసింది. అంతకుముందు కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ బల్ల మీద ఆనించేదాన్ని. ఒకరోజు ఫోను మోగితే లేచి వెళ్ళి మాట్లాడి వచ్చి కూర్చున్నాక గుర్తొచ్చింది, చేతులు ఆనించలేదని.

అయితే అరిగిన గుజ్జు తిరిగి రాలేదు. కింద కూర్చోలేను. వానాకాలంలో ఎడమ మోకాలు ఇప్పటికీ పట్టేస్తుంది. నొప్పి సగం పోయింది, సగం ఉంది.

కష్టాలు కూడా చెప్పాలి. ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు అంతా ద్రవాలే. మొదటి రోజుల్లో మందు కొలిచే చిన్న కప్పుతో మజ్జిగ తేట, గుక్క గుక్కకీ ఆగుతూ తాగాలి. నాలుగో నెలలో జుట్టు గుప్పెళ్ళుగా ఊడింది, తర్వాత వచ్చింది. బి12, ఐరన్, క్యాల్షియం, డి విటమిన్ జీవితాంతం చూసుకోవాలి. పెళ్ళి భోజనంలో ఐదో ముద్దకే కడుపు నిండిపోతుంది. ఆకులో అన్నీ అలాగే ఉంటే వడ్డించేవాళ్ళు "వంట బాగాలేదా అమ్మా" అని అడుగుతారు, ఏం చెప్పాలో తోచదు. ఇప్పుడు పప్పు, కూర ముందు తిని అన్నం చివర్న తింటున్నాను.

ఒక్క విషయంలో మాత్రం నాకు ఇప్పటికీ బాధ ఉంది. ఆపరేషన్ అయ్యాక నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు వాడకూడదని నాకు ముందు ఎవరూ చెప్పలేదు. డిశ్చార్జి కాగితంలో చదివి తెలుసుకున్నాను. కీళ్ళ నొప్పులున్న మనిషికి మొదట చెప్పాల్సింది అదే కదా.

వరంగల్ ఫిజియో

స్లీవ్ అక్క చివర్న చెప్పిన మాట ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యం. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు కడుపు పొరను దెబ్బతీస్తాయి. గ్యాస్ట్రిక్ బైపాస్, అంటే కడుపును చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకు కలిపే ఆపరేషన్, అయినవాళ్ళకు పేగును అతికించిన చోట పుండు పడే ప్రమాదం ఉంది కాబట్టి వాటిని మానేయమంటారు. స్లీవ్‌లో అంత కఠినంగా ఉండకపోయినా జాగ్రత్త తప్పదు. కీళ్ళ జబ్బు ఉండి ఇంకా ఏళ్ళ తరబడి ఈ మాత్రలు అవసరమయ్యేవాళ్ళకు డాక్టర్లు చాలాసార్లు బైపాస్ కంటే స్లీవ్ వైపు మొగ్గడానికి ఇదొక కారణం. టీచర్ గారూ, రోజుకో మాత్ర అన్నారు. ఆ మాత్ర పేరు, ఎన్నేళ్ళుగా వాడుతున్నారు అన్నది సర్జన్‌కు తప్పకుండా చెప్పండి.

నడక అన్నగారితో ఒక విషయంలో విభేదిస్తాను. మూడో గ్రేడు మోకాలికి మొదటి మందు నడక కాదు. తొడ ముందు కండరానికి బలం లేకుండా నడిపిస్తే వాస్తుంది, టీచర్ గారికి అదే జరిగింది. మంచం మీద కాళ్ళు చాపి మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ ఐదు లెక్కపెట్టి వదలాలి. కుర్చీలో కూర్చుని కాలు తిన్నగా చాపి అలాగే నిలపాలి. ఆరు వారాలు ఇది చేశాక నడక. ఈత కొలనులో నడుము లోతు నీళ్ళలో నడవగలిగితే మరీ మంచిది.

ఆపరేషన్ చేయించుకునేవాళ్ళకు ఇది ఇంకా అవసరం. బరువు వేగంగా తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది, ఎముక సాంద్రత తగ్గుతుంది. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందాలి. చిన్నదైన కడుపుతో, మన అన్నం పళ్ళెంతో అది తేలిక కాదు. బరువు తగ్గినా తొడలో బలం లేక మెట్లెక్కలేనివాళ్ళను నా దగ్గర చూస్తున్నాను.

కీళ్ళవాతం పదేళ్ళు

అందరూ అరుగుదల అనుకునే మాట్లాడుతున్నారు. అది తేలిందా? పొద్దున లేచాక గంటకు పైగా కీళ్ళు బిగుసుకుని ఉంటున్నాయా? వేళ్ళ కణుపులు, మణికట్లు రెండు వైపులా వాస్తున్నాయా? అయితే అది రుమటాయిడ్, అంటే ఒంటి రక్షణ శక్తే కీళ్ళ మీద దాడి చేసే కీళ్ళవాతం, అయి ఉండొచ్చు. అది తేల్చే ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రక్త పరీక్షలు చేయించుకోండి.

నాది ఆ జబ్బే. మొదటి రెండేళ్ళు స్టెరాయిడ్ వాడితే 14 కిలోలు పెరిగాను. అందరూ "తిండి తగ్గించు" అన్నారు, మందు వల్ల పెరిగానని ఎవరూ నమ్మలేదు. కడుపు ఆపరేషన్ రుమటాయిడ్‌కు మందు కాదు. బరువు తగ్గితే మందులు బాగా పని చేయొచ్చు కానీ ఈ జబ్బుకు వాడే మెథోట్రెక్సేట్ మానేయడం కుదరదు. యూరిక్ యాసిడ్ ఉన్నవాళ్ళకు కూడా ఒక మాట. ఆపరేషన్ అయిన కొత్తలో గౌటు నొప్పి (యూరిక్ యాసిడ్ కీళ్ళలో పేరుకుని వచ్చేది) ఒక్కసారిగా తిరగబెట్టవచ్చు, డాక్టరుకు ముందే చెప్పి ఉంచండి.

పాలసీ పేజీలు

నేను ఇన్సూరెన్స్ క్లెయిముల పనిలో ఉన్నాను. టీచర్ గారి లెక్క చూసి రాయకుండా ఉండలేకపోయాను.

ఊబకాయం సర్జరీకి ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన ఒకటి ఉంది, మీ పాలసీలో మినహాయింపుల పేజీలో ఆరో కోడ్. బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి, బరువు తగ్గించే ఇతర పద్ధతులు ఫలించక, దానికి తోడు ఊబకాయం వల్ల గుండె కండరం దెబ్బతినడం, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), మందులకు లొంగని టైప్ 2 షుగర్‌లలో ఏదో ఒకటి ఉండాలి. మోకాళ్ళ అరుగుదల ఆ జాబితాలో లేదు. నడవలేకపోవడం తీవ్రమైన సమస్య కాదని ఎవరు అనుకున్నారో నాకు తెలియదు. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

వైద్యుల మార్గదర్శకాలు వేరు. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు సవరించిన దాని ప్రకారం 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా సూచించవచ్చు. ఆసియా వాళ్ళకు ఇంకా తక్కువ దగ్గరే, 27.5 నుంచే పరిశీలించమన్నారు. అంటే డాక్టరు "చేయొచ్చు" అంటారు, కంపెనీ "కుదరదు" అంటుంది. బీఎంఐ 37తో మీరు సరిగ్గా ఆ మధ్యలో ఉన్నారు. గురక ఎక్కువగా ఉంటే, పగలు నిద్ర తూగుతుంటే నిద్ర పరీక్ష చేయించుకోండి. క్లెయిము కోసమని కాదు, అప్నియా ఉంటే మత్తు ఇచ్చే డాక్టరుకు కూడా తెలియాలి. ఏదైనా ముందస్తు అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నాకే చేరండి.

న్యూజెర్సీ నుంచి

ఇంజెక్షన్ల మాట ఎవరూ ఎత్తలేదేంటి? ఆకలి తగ్గించే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్‌ను అధిక బరువుతో పాటు మోకాళ్ళ నొప్పి ఉన్న 407 మంది మీదే ప్రత్యేకంగా పరీక్షించారు, ఫలితాలు 2024లో వచ్చాయి. 68 వారాల్లో బరువు 13.7 శాతం తగ్గింది, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళలో 3.2 శాతం. నొప్పి కూడా స్పష్టంగా తగ్గింది. బరువు తగ్గించడానికి ఇచ్చే ఈ ఇంజెక్షన్లు ఇండియాలోకి 2025లో వచ్చాయి. మా అమ్మ ఇక్కడ ఏడాదిగా వాడుతోంది. మొదటి రెండు నెలలు వికారం, మలబద్ధకం. ఇప్పుడు గుడికి కర్ర లేకుండా నడుస్తోంది.

పొద్దుటి నడక

ఫిజియో గారు చెప్పింది ఒప్పుకుంటాను. వాచిన మోకాలితో నడవమనడం నా తప్పు.

ఇంజెక్షన్ మానేస్తే బరువు తిరిగి వస్తుందంటున్నారు, అంటే ఏళ్ళ తరబడి కొనాలి. టీచరు జీతంతో అవుతుందా? ఆపరేషన్ మీద కూడా నా అభిప్రాయం మారలేదు. అరిగింది మోకాలు. మార్చాల్సింది మోకాలే అయితే దాన్నే మార్చవచ్చు కదా, మధ్యలో కడుపు ఎందుకు?

ఎముకల వార్డు నర్సు

అన్నా, ఆ ప్రశ్న మా వార్డులో రోజూ వింటాను. ఆస్ట్రేలియాలో మోకాలు మార్పిడి కోసం ఎదురుచూస్తున్న 82 మంది మీద దీన్నే పరీక్షించారు, 2022లో అచ్చయింది. సగం మందికి ముందు బరువు తగ్గించే ఆపరేషన్ చేశారు. వాళ్ళలో 12 మంది నొప్పి తగ్గిందని మోకాలు మార్పిడే వద్దనుకున్నారు. ఇబ్బందులు వచ్చినవాళ్ళు ఆ గుంపులో ఆరుగురు, నేరుగా వెళ్ళిన గుంపులో 15 మంది. కానీ అప్పుడు చేసింది కడుపుకు బ్యాండు వేసే పద్ధతి, ఇప్పుడు అది దాదాపు ఎవరూ వేయించుకోవడం లేదు. మనుషులూ తక్కువే. దాన్ని పట్టుకుని అందరికీ వర్తిస్తుందని నేను అనను.

మీ మాటలో కూడా బలం ఉంది. మోకాలు మార్చాల్సిన దశకు వచ్చినవాళ్ళను ఇంత బరువు తగ్గితేనే చేస్తామని ఆపవద్దని అమెరికా కీళ్ళ వైద్యుల సంఘాలు 2023లో చెప్పాయి. నొప్పితో కూర్చోబెట్టినన్నాళ్ళూ కండ కరుగుతుంది, బరువు పెరుగుతుంది. టీచర్ గారిని వెనక్కి పంపింది వయసు వల్లా, బరువు వల్లా? ఈ రెండూ వేరు. వయసు వల్ల అయితే, పెట్టిన కీలు 20, 25 ఏళ్ళకు అరిగితే మళ్ళీ మార్చాలన్న ఆలోచన ఉంది. బరువు వల్ల మాత్రమే అయితే ఇంకో అభిప్రాయం తీసుకోండి. "తగ్గించుకుని రండి" అని చెప్పి, ఎలాగో చెప్పకుండా పంపేయడం నాకు నచ్చదు.

గోదారి టీచర్

రాత్రి అన్నీ మా వారికి చదివి వినిపించాను. నొప్పి మాత్రల సంగతి దగ్గర ఆయన ఆపి మళ్ళీ చదవమన్నారు. నేను వాడేది ఎసిక్లోఫెనాకే, నాలుగేళ్ళుగా. నిద్ర పరీక్ష గురించి చదవగానే "గురక నాకు తెలియదా" అన్నారు, ఈ వారం తీసుకెళ్తానన్నారు. పొద్దున కీళ్ళు బిగుసుకునేది పది నిమిషాలే, వేళ్ళకు ఏమీ లేదు. అయినా రక్త పరీక్షలు చేయిస్తాను.

ఆపరేషన్ వైపే నా మనసు మొగ్గుతోంది, కానీ ఇంకా నిర్ణయించుకోలేదు. ఆరు వారాలు టవల్ వ్యాయామం చేసి, ఎముకల డాక్టరు గారిని వయసా, బరువా అని సూటిగా అడిగి, అప్పుడు చూస్తాను. నడక అన్నగారూ, మీరు వద్దన్నా నాకు కోపం రాలేదు.

స్లీవ్ అక్కా, ఒకటి అడగాలి. మీరు ఎన్ని రోజులు సెలవు పెట్టారు? నిలబడి పాఠం చెప్పేంత ఓపిక ఎప్పటికి వచ్చింది?

స్లీవ్ 2021

మూడు వారాలు పెట్టాను. నాది కూర్చుని చేసే ఉద్యోగం కాబట్టి సరిపోయింది. ద్రవాల మీద ఉన్నప్పుడు నీరసంగా ఉంటుంది, గట్టిగా మాట్లాడితే ఆయాసం వస్తుంది. మీకైతే నెలన్నర చూసుకోండి. ఒకవేళ చేయించుకుంటే వేసవి సెలవుల్లో పెట్టుకోండి, స్కూలు తెరిచేసరికి మెత్తటి అన్నంలోకి వస్తారు. ఈలోగా హెడ్‌మాస్టరు గారిని అడిగి ఎనిమిదో తరగతిని కింది గదిలోకి మార్పించుకోండి. దానికి ఏ పరీక్షా అక్కర్లేదు, రేపే అడగండి.