555 టైమర్ స్వరం స్పీకర్‌లో ఎందుకు వణుకుతోంది?

నమస్కారం. మాది హనుమకొండ. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయితో కలిసి బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా భాగాలు గుచ్చే పలక) మీద 555 ఐసీ (టైమర్ చిప్)తో శబ్ద సర్క్యూట్ కడుతున్నాను. ఐసీ 8, 7 కాళ్ల మధ్య 1 కిలో ఓమ్ రెసిస్టర్, 7, 6 మధ్య 10 కిలో ఓమ్, 2, 6 కలిపిన చోటు నుంచి గ్రౌండుకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్. 4వ కాలు 8కి కలిపాం. లెక్క ప్రకారం దాదాపు 686 హెర్ట్జ్. 10 కిలో ఓమ్ బదులు ఎల్‌డీఆర్ (వెలుతురును బట్టి నిరోధం మారే రెసిస్టర్) పెడితే చేతి నీడకే స్వరం దిగుతుంది. పిల్ల ఆనందానికి అంతు లేదు!

చిక్కంతా స్పీకర్‌తోనే. పియెజో బిళ్ల (చిన్న బజర్) నిలకడగా మోగుతుంది. 8 ఓమ్‌ల స్పీకర్‌ను 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా 3వ కాలికి కలిపితే గరగరమంటుంది. 9 వోల్టుల బ్యాటరీ తట్టుకోవడం లేదా? బ్యాటరీ ప్లస్, మైనస్‌ల మధ్య 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే సరిపోతుందా, ట్రాన్సిస్టర్ తప్పదా? దయచేసి కారణంతో సహా చెప్పండి, ఆమెకు వివరించాలి. వరంగల్‌లో విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో కూడా.